గుద్దుల మామయ్య షెడ్డులో పుట్టిన అణువు

విశ్వంలో మొట్టమొదటి అణువు మా బావమరిది షెడ్డులో పుట్టింది. ఒక శనివారం సాయంత్రం, నా కళ్లెదుట, ఊరంతా చూస్తుండగా పుట్టింది.

సరే, కాస్త వెనక్కి తగ్గుతాను. విశ్వంలో మొట్టమొదటిది కాకపోవచ్చు. అది పుట్టి పదమూడు వందల కోట్ల ఏళ్లు దాటిందని మా బావమరిది కూతురు అంటుంది. ఆ పిల్ల హైస్కూల్లో సైన్సు టీచరు కాబట్టి ఆమెతో పేచీ పెట్టుకోను. అప్పటికి మా బావమరిది పుట్టలేదు. అతని చొక్కాల్లో ఒకటి రెండు మాత్రం పుట్టే ఉండాలి. ఊరంతా అన్నది కూడా కాస్త ఎక్కువే. షెడ్డు నిండింది, లోపల చోటు దొరకనివాళ్లు కటకటాలు పట్టుకుని వేలాడారు, అంతే. కాన్వెంటులో సిస్టర్లు మాకు అబద్ధం చెప్పకూడదని గట్టిగా నేర్పారు. నిజాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో మాత్రం నేర్పలేదు. అది నా అంతట నేనే నేర్చుకోవలసి వచ్చింది.

మా బావమరిదిని పిల్లలందరూ గుద్దుల మామయ్య అంటారు. పేరు విని ఎవరో వస్తాదు అనుకుని వచ్చినవాళ్లు మనిషిని చూసి నిరాశపడతారు. ఇరుకు వరండాలో ఎదురుగా పిల్లి వచ్చినా గోడకి అతుక్కుపోయి దానికి దారిచ్చే రకం. బస్సులో ఎవడైనా కాలు తొక్కితే, తొక్కినవాడికి ఈయనే సారీ చెబుతాడు. వీధిలో నడుస్తుంటే నీడలకి కూడా తగలకుండా నడుస్తాడని మా ఆవిడ అంటుంది. అక్క కాబట్టి ఆమె అనవచ్చు.

అలాంటి మనిషి బతుకంతా చేసిన పని ఏమిటంటే, పార్కులో డాషింగ్ కార్ల షెడ్డు నడపడం. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఊళ్లో పిల్లల్ని ఒకళ్లనొకళ్లు గుద్దుకోమని పంపించడం.

ఈ పనిలోకి అతను కోరి రాలేదు. కరెంటు పని నేర్చుకున్న కొత్తలో, ఆ షెడ్డులో ఫ్యూజు పోతే వేయడానికి వెళ్లాడు. వేశాడు. పనిచేస్తోందో లేదో చూడాలిగా అని స్విచ్చి నొక్కాడు. గంట మోగింది, అప్పటికే బండ్లలో ఎక్కి కూర్చున్న పిల్లలు కేకలు పెట్టారు, బండ్లు కదిలాయి. ఈ రౌండు అయ్యేదాకా ఉండి వెళ్తాను అనుకున్నాడు. ఆ రౌండు ఇంకా అవలేదు.

షెడ్డు గురించి చెప్పాలి. పైన రేకుల కప్పు, దాని కింద ఇనుప వల, కింద ఇనుప రేకులు పరిచిన నేల. ప్రతి బండి వెనకా ఒక కడ్డీ నిటారుగా లేచి పైన వలని తాకుతూ ఉంటుంది. కరెంటు అక్కడి నుంచి దిగుతుంది. తాకినచోటల్లా నీలం రంగు నిప్పురవ్వలు రాలతాయి. వేడెక్కిన ఇస్త్రీపెట్టె వాసన, పాత రబ్బరు వాసన కలిసి ఒక వాసన వస్తుంది. మా బావమరిది ఇంటికి వెళ్లినా ఆ వాసన అతని వెంటే వెళ్తుంది, పెంపుడు కుక్కలాగా. బండి చుట్టూ గాలి నింపిన లావుపాటి రబ్బరు పట్టా ఉంటుంది. అది చిరిగితే సైకిలు ట్యూబు ముక్క అతికిస్తాడు. ప్రతి రౌండుకీ ముందు గుడ్డ తీసుకుని స్టీరింగులన్నీ తుడుస్తాడు. తుడిచాక పిల్లలతో ఎప్పుడూ ఒకే మాట అంటాడు.

"గుద్దుకోండి. తిట్టుకోకండి."

ఇన్నేళ్లలో అతను మాత్రం ఒక్కసారి కూడా బండి ఎక్కలేదు. ఎక్కమంటే, "నేను ఎక్కితే స్విచ్చి ఎవరు చూస్తారు బావా" అంటాడు. స్విచ్చి నేను చూస్తానంటే, "నువ్వు చూస్తే అసలే ఎక్కను" అంటాడు.

ఇక ముసలమ్మ. ముసలమ్మ మనిషి కాదు, పసుపు రంగు బండి. దాని మోటారు ఎప్పుడో కాలిపోయింది. పాడైన బండిని ఎవరైనా బయటికి నెట్టేస్తారు. ఇతను నెట్టలేదు. "బయట పెడితే వానకి తుప్పు పడుతుంది, ఇంట్లో పెడితే మా ఆవిడ నన్ను బయట పెడుతుంది" అని దాన్ని షెడ్డు నడిమధ్యనే ఉంచేశాడు. పిల్లలకి దెబ్బ తగలకుండా వాళ్లావిడ పాత పరుపు విప్పి, ఆ దూదీ స్పాంజీ కూరి, మందపాటి గుడ్డతో దాని చుట్టూ మెత్త కుట్టిపెట్టింది. ఆమె కర్టెన్లు, సోఫా గలీబులు కుట్టే మనిషి. ఏదైనా చిరిగిందంటే ఆమె వేళ్లు ఊరుకోవు.

మెల్లగా ఆ షెడ్డులో ఒక పద్ధతి ఏర్పడింది. గుద్దుకోవడం ముదిరి ఇద్దరు పిల్లలు నిజంగా కొట్లాటకి దిగితే, మా బావమరిది గంట కొట్టి, "ముసలమ్మ దగ్గరికి" అంటాడు. ఇద్దరూ బండ్లు నడుపుకుంటూ వెళ్లి ముసలమ్మకి ఆనుకోవాలి. ఆ మెత్తలో దిగబడితే ఎంత వేగంగా వచ్చిన బండైనా ఠక్కున చల్లబడుతుంది. ఇద్దరికీ నవ్వు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఎంత మొండి పిల్లలైనా కాసేపటికి ఒకడి మొహం చూసి ఇంకొకడు నవ్వేవాడు. ఆ తర్వాత ఇద్దరూ జంటగా తిరిగేవారు.

అంతా బాగానే ఉండగా పార్కు యజమానురాలు వచ్చింది. నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడదీసుకుని తిరుగుతుంది కాబట్టి ఆమెని పార్కులో పనివాళ్లు చాటుగా తాళాలమ్మ అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు. వాళ్ల నాన్న కట్టించిన పార్కు. ఆమె నవ్వగా చూశామన్నవాళ్లు పార్కులో ఎవరూ లేరు. నేనే ఒకసారి చూశానని చెప్పి చూశాను, నా మాట అయినా సరే ఎవరూ నమ్మలేదు.

"ఎప్పుడు చూసినా గుద్దుకోవడమేనా? పిల్లలకి మొహం మొత్తింది" అందామె షెడ్డు చుట్టూ చూసి. "ఇక్కడ తెర మీద ఆడే ఆటల మిషన్లు పెట్టిద్దామనుకుంటున్నాను."

"బండ్లు మేడమ్?" అన్నాడు మా బావమరిది.

"పాత ఇనుముకి పోతాయి. నిన్ను గేటు దగ్గర వేస్తాలే, టికెట్లు చింపుదువుగాని. శనివారం వస్తాను. ఈలోగా ఈ షెడ్డులో కొత్తదనం ఏదైనా చూపించావా సరే. లేదంటే ఆదివారం విప్పించేస్తాను."

ఆ సాయంత్రం మా బావమరిది ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అరచేతిలో ఉన్న గ్రీజు మరకని చూసుకుంటూ ఉన్నాడు, అది కూడా ఆదివారం పోతుందేమో అన్నట్టు.

"నాన్నా, నా క్లాసుని శనివారం షెడ్డుకి తీసుకొస్తాను" అంది కూతురు. "అంతరిక్షంలో అణువులు ఎలా పుడతాయో వాళ్లకి బోర్డు మీద చెప్పి చెప్పి నా గొంతు పోయింది. నీ బండ్లతో చూపిద్దాం. ఊళ్లో ఇంకెవరూ చూపించలేరు. కొత్తదనం కావాలందిగా."

"నా బండ్లు గుద్దుకుంటాయమ్మా. వాటికి చదువు రాదు."

"గుద్దుకోవడమే కావాలి. ఒక్కో బండీ ఒక్కో హైడ్రోజన్ పరమాణువు. రెండు కలిసి ఉండిపోతే అణువు."

వాళ్లావిడ పాత లౌడుస్పీకర్ల అయస్కాంతాలకి గుడ్డ సంచులు కుట్టింది. మా బావమరిది వాటిని బండ్ల పట్టాలకి కట్టాడు. నేను నా వంతుగా పార్కు గేటు దగ్గర ఒక బోర్డు రాసి పెట్టాను. 'విశ్వంలో మొట్టమొదటి అణువు శనివారం సాయంత్రం డాషింగ్ కార్ల షెడ్డులో పుట్టును. అందరూ ఆహ్వానితులే.'

"మామయ్యా, ఇదేంటి" అంది మేనకోడలు బోర్డు చూసి. "మొదటి అణువు పుట్టి పదమూడు వందల కోట్ల ఏళ్లు దాటింది."

"నేను చూడలేదుగా."

"మీరు చూడనివన్నీ పుట్టనట్టేనా?"

"మీ అత్త అలాగే అంటుంది. నేను చూడలేదంటే పాలు పొంగనట్టేనా అని."

గురువారం షెడ్డు తెరవకముందే పరీక్ష పెట్టాం. ఒక హైడ్రోజన్ నేను, ఇంకో హైడ్రోజన్ మా ఆవిడ. మా ఆవిడ స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తేనే నాకు అనుమానం వచ్చింది. గంట మోగింది. ఆమె సూటిగా వచ్చి నన్ను గుద్దింది. అయస్కాంతాలు ఒక్క క్షణం పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేశాయి. నేను వెనక్కి వెళ్లి గోడకి తగిలాను. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లాను.

"ఇంకో రెండు అయస్కాంతాలు కట్టనా అక్కా?" అన్నాడు మా బావమరిది.

కట్టాడు. ఈసారి ఇంకా జోరుగా దగ్గరికి లాక్కుని, ఇంకా జోరుగా విడిపోయాం.

"నా పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చెప్పేది ఇదే" అంది మా ఆవిడ. "ఈయనకి ఏదీ అంటదు."

మా బావమరిది మొహం వాడిపోయింది. కూతురి మొహం మాత్రం వెలిగింది.

"ఇదే నాకు కావాల్సింది. అంతరిక్షంలో అచ్చం ఇలాగే జరుగుతుంది నాన్నా. అక్కడ ఒక పరమాణువుకి ఇంకోటి ఎదురుపడటమే అరుదు. ఎదురుపడితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. లాక్కున్నకొద్దీ ఊపు పెరుగుతుంది. ఆ ఊపుతో దగ్గరికొచ్చి, ఆ ఊపుతోనే విడిపోతాయి. కలిసుండాలంటే ఆ ఊపుని ఎక్కడో దింపుకోవాలి. అక్కడ ఎవరున్నారు? ఎవరూ లేరు. ఏమీ లేదు. అంతా ఖాళీ."

"అంతా ఖాళీ" అన్నాడు మా బావమరిది, తలాడిస్తూ. సరిగ్గా అప్పుడే గేటు తెరిచారు, పిల్లలు పరిగెత్తుకొచ్చారు. అతను గుడ్డ తీసుకుని స్టీరింగులు తుడవడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత జరిగినదంతా దానివల్లే.

ఎందుకంటే ఆ పిల్ల ఇంకా ముగించలేదు.

"అంటే కోపం వచ్చినప్పుడు విసరడానికి చేతికి గిన్నె దొరకనట్టు" అంది మా ఆవిడ.

"అచ్చం అంతే అత్తా."

"మా ఇంట్లో గిన్నెలు ఉన్నాయి కాబట్టే మేం కలిసున్నాం" అన్నాను నేను.

"కొన్ని పరమాణువులు ఆ ఊపుని ఒక వెలుగు తునకగా బయటికి విసిరేసి కలిసిపోతాయి, అదీ ఎప్పుడో ఒకసారి. హైడ్రోజన్ జంటకి ఆ విద్య దాదాపు రానే రాదు. వాటికి మూడోది ఒకటి ఉండాలి. అక్కడ పొగ కన్నా సన్నటి ధూళి తేలుతూ ఉంటుంది. ఒక పరమాణువు వచ్చి ఆ రేణువు మీద వాలుతుంది. అటూ ఇటూ తచ్చాడుతుంది. ఇంకోటి వచ్చి వాలుతుంది. అక్కడ రెండూ కలుస్తాయి. ఎక్కువైన ఊపుని ఆ రేణువు తీసేసుకుంటుంది. తను రవ్వంత వెచ్చబడుతుంది, అంతే. జంట ఎగిరిపోతుంది."

"మరి ఆ దుమ్ముకి ఏం మిగులుతుంది?"

"ఏమీ మిగలదు అత్తా. ఇంకో జంట వచ్చేదాకా అక్కడే ఉంటుంది."

ముగ్గురం ఒకేసారి షెడ్డు మధ్యకి చూశాం. పరుపు గుడ్డ చుట్టుకుని ముసలమ్మ కూర్చుని ఉంది. అప్పుడే ఇద్దరు పిల్లలు మూతులు ముడుచుకుని దాని మెత్తలోకి దిగబడుతున్నారు. దూరంగా మా బావమరిది గంట తాడు పట్టుకుని వాళ్లు నవ్వేదాకా ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.

"ముందు ఉత్తిగా గుద్దుకోవడం చూపిస్తాం. తర్వాత ముసలమ్మ దగ్గరికి పంపిస్తాం" అంది మేనకోడలు.

"అసలు ధూళి కూడా పుట్టని తొలిరోజుల్లో ఎవరు చేశారు ఆ పని?" అన్నాను.

"విడి ఎలక్ట్రాన్లు చేశాయి, నెమ్మదిగా. అది వేరే కథ మామయ్యా. దయచేసి బోర్డు మీద రాయకండి."

ఇదంతా మా బావమరిది కూడా విన్నాడనే అనుకున్నాం. అతను విన్నది ఒక్కటే. అంతరిక్షం అంటే అంతా ఖాళీ. కూతురు చెప్పిన పని ఒక పిసరు కూడా తేడా రాకుండా చేయడం అతని గుణం. శుక్రవారమంతా అతను అంతరిక్షం తయారుచేశాడు. బెంచీలు బయటికి మోశాడు. నీళ్ల డ్రమ్ము తీసేశాడు. చీపురు, బకెట్టు, గోడకి వేలాడే పాత ట్యూబులు, ఏళ్ల తరబడి పోగైన చిత్తు సామాను, అన్నీ తీసేశాడు. రేకుల నేల మీద దుమ్ము కణం అనేది లేకుండా తుడిచాడు. సబ్బునీళ్లతో మళ్లీ తుడిచాడు. ఆఖరికి ముసలమ్మని కూడా తీసేశాడు.

శనివారం షెడ్డు చూసి నేను గుర్తుపట్టలేదు. నా బోర్డు పుణ్యమా అని జనం పోటెత్తారు. కూర్చోవడానికి ఏమీ లేదు కాబట్టి అందరూ గోడల వెంట నిలబడ్డారు. యజమానురాలికి మాత్రం ఎక్కడి నుంచో ఒక కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కూర్చుని గుత్తిని ఒళ్లో పెట్టుకుంది. మేనకోడలు తన క్లాసుని వెంటబెట్టుకుని లోపలికి వచ్చి, నవ్వుతూ చుట్టూ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నాన్నా, ముసలమ్మ ఏది?"

"దాచేశాను" అన్నాడు అతను, మెచ్చుకుంటుందేమో అని చూస్తూ. "అంతా ఖాళీ అన్నావుగా."

"ఎక్కడ దాచావు?"

"గోడౌన్లో. మేడమ్‌ని అడిగి పెట్టించాను. తాళం కూడా ఆవిడే వేశారు."

మేనకోడలు యజమానురాలి ఒళ్లో ఉన్న గుత్తి వైపు చూసింది. నేను కూడా చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది, తప్పు ఎవరిదైనా ముందు నా వైపు చూడటం ఆమెకి అలవాటు.

"ఏంటి, మొదలుపెట్టరా?" అంది యజమానురాలు.

మొదలుపెట్టాం. క్లాసులో ఒక గడుగ్గాయి, ఒక జడల పిల్ల హైడ్రోజన్లుగా బండ్లెక్కారు. గుద్దుకున్నారు, విడిపోయారు. మళ్లీ గుద్దుకున్నారు, మళ్లీ విడిపోయారు. కడిగిన నేల మీద బండ్లు ముందెప్పుడూ లేనంత జోరుగా జారుతున్నాయి. మేనకోడలు ఊపు గురించి, ఖాళీ గురించి ఎంత చక్కగా చెప్పాలో అంత చక్కగానూ చెప్పింది. కానీ ఎవరైనా ఎంతసేపు చూస్తారు? కటకటాల దగ్గర నుంచి ఎవరో, "ఇంకా పుట్టలేదా అణువు" అని అరిచారు. ఇంకెవరో, "నొప్పులు పడుతోంది, ఆగండి" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు.

యజమానురాలు నవ్వలేదు. లేచింది. "గుద్దుకోవడం, విడిపోవడం. ఇది రోజూ ఉన్నదేగా" అంది. గుత్తి గలగలలాడించుకుంటూ గుమ్మం వైపు నడిచింది. మా బావమరిది గంట తాడు చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆమె గుమ్మం దాటిందంటే ఆదివారం వచ్చేసినట్టే.

ఇంతలో లోపల ఆ ఇద్దరు పిల్లలూ నిజంగానే కొట్లాడుకున్నారు.

"నువ్వు కావాలనే నా మోచేతికి కొట్టావు."

"నువ్వే కళ్లు మూసుకుని నడుపుతున్నావు, ఎద్దులాగా."

"నీ మొహమే ఎద్దు."

అలవాటు అనేది మనిషికన్నా ముందు పరిగెత్తుతుంది. మా బావమరిది చెయ్యి దానంతట అదే గంట కొట్టింది. నోరు దానంతట అదే, "ముసలమ్మ దగ్గరికి" అంది. పిల్లలిద్దరూ చుట్టూ చూశారు. షెడ్డు నడిమధ్యన మెరిసే నేల తప్ప ఏమీ లేదు.

అప్పుడు అతనికి అర్థమైందో, లేక పిల్లలు ఆనుకోవడానికి ఏమీ లేదన్న కంగారో, నేను చెప్పలేను. పిల్లికి దారిచ్చే ఆ మనిషి, తాడు వదిలేసి, జనంలోంచి ఉరికి, గుమ్మంలో యజమానురాలికి ఎదురుగా పోయి గుద్దుకున్నాడు. గుత్తి ఎగిరి కింద పడింది.

"సారీ మేడమ్. ముసలమ్మ కావాలి."

"ఎవరు?"

"ముసలమ్మ. మీ గోడౌన్లో ఉంది."

"నా గోడౌన్లో ముసలావిడని పెట్టావా?" అందామె. ఆ క్షణాన ఆమె మొహం చూసినవాళ్లకి మిగతా ఆటలతో పని లేదు.

అసలు సంగతి చెప్పడానికి కొంతసేపు పట్టింది. చెప్పాక ఆమె గుత్తిలో తాళంచెవి వెతకడానికి ఇంకొంతసేపు పట్టింది. తలుపు తీశాక మాత్రం ఎవరూ ఆగలేదు. క్లాసు పిల్లలు, వాళ్ల వెనక జనం, అందరూ కలిసి పసుపు బండిని ఊరేగింపులాగా నెట్టుకొచ్చి షెడ్డు మధ్యలో దాని పాతచోటనే పెట్టారు. వాళ్లావిడ మెత్త మీద దులపబోయింది.

"వద్దమ్మా, దులపకు" అంది కూతురు. "ఇది ధూళి."

గంట మోగింది. జడల పిల్ల ముసలమ్మని గుద్దింది. ఫుస్సుమని మెత్తలో దిగబడి ఆగిపోయింది. గడుగ్గాయి అటు నుంచి ఉరికి వచ్చాడు. సగం మెత్తకి తగిలాడు, సగం ఆ పిల్ల బండికి తగిలాడు. ఊపంతా ముసలమ్మ మింగేసింది. టక్కుమని ఒక చిన్న చప్పుడు. అయస్కాంతాలు పట్టుకున్నాయి, ఈసారి వదల్లేదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, పద్ధతి ప్రకారం నవ్వారు. తర్వాత రెండు స్టీరింగులూ ఒకవైపే తిప్పి, ముసలమ్మని వదిలి, అతుక్కున్న బండ్లతోనే షెడ్డంతా ఒక చుట్టు తిరిగారు.

షెడ్డు కప్పు ఎగిరిపోయిందనుకున్నాను, ఆ కేకలకి. నిజానికి ఒక రేకు ఎగిరింది కూడా. సరే, కదిలింది.

యజమానురాలు మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. "పిల్లలకి ముందే నేర్పి ఉంటారు. ఒక బండిలో నేనే కూర్చుని చూస్తాను. రెండో బండిలో..." అని చుట్టూ చూసి, మా బావమరిది దగ్గర చూపు ఆపింది. "నన్ను ఎలాగూ ఒకసారి గుద్దావుగా. నువ్వే కూర్చో."

"నేను ఎక్కితే స్విచ్చి ఎవరు చూస్తారు మేడమ్?"

"నేను చూస్తాను" అంది వాళ్లావిడ, అప్పటికే తాడు పట్టుకుని. "ఇన్నాళ్లకి దొరికాడు అన్నయ్యగారూ ఈ మనిషి. మీరు కాస్త వెనకనుంచి నెట్టండి."

నెట్టాను. మా బావమరిది జీవితంలో మొదటిసారి డాషింగ్ కారులో కూర్చున్నాడు. స్టీరింగుని వేడి పళ్లెంలాగా పట్టుకున్నాడు. గంట మోగింది. యజమానురాలు బండిని మెరుపులాగా తిప్పింది. వాళ్ల నాన్న కట్టించిన పార్కులో చిన్నప్పుడు ఆమె ఇంకేం చేసి ఉంటుంది? నేరుగా వచ్చి గుద్దింది. "సారీ మేడమ్" అన్నాడు మా బావమరిది. రెండు బండ్లూ విడిపోయాయి. మళ్లీ గుద్దింది. "సారీ మేడమ్." మళ్లీ విడిపోయాయి. తనని ఎవరు ఎన్నిసార్లు గుద్దినా సారీ మాత్రం అతనిదే.

"నాన్నా, ముసలమ్మ దగ్గరికి" అని అరిచింది కూతురు.

అతను కళ్లు గట్టిగా మూసుకుని స్టీరింగు తిప్పాడు. బండి వెళ్లి ముసలమ్మని ఢీకొంది.

"సారీ అమ్మా" అన్నాడు ముసలమ్మతో.

యజమానురాలు అప్పటికే వెనకే వస్తోంది. ఆమె బండి మెత్తలోకి దిగబడింది, టక్కుమంది, అతుక్కుంది. ఇద్దరూ కదలడం లేదు. క్లాసు పిల్లలందరికీ షెడ్డు పద్ధతి తెలుసు. "నవ్వాలి, నవ్వాలి" అని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మా బావమరిది ఒక కన్ను తెరిచాడు.

"ఆ బండికి సారీ చెప్పావా నువ్వు?" అందామె.

"గట్టిగా తగిలింది మేడమ్."

ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత గుత్తి గలగలలాడింది. తర్వాత ఆమె స్టీరింగు మీద వాలిపోయి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఊపిరాడనంత నవ్వింది. అతను కూడా నవ్వాడు. పద్ధతి పద్ధతే. ఆ తర్వాత ఇద్దరూ ఒకేవైపు తిప్పారు. రెండు బండ్లూ ముసలమ్మని వదిలి, కాస్త వంకరగా, కలిసికట్టుగా, జనం చేతులు చాచి తాకుతుండగా షెడ్డంతా తిరిగాయి. ఒక చుట్టుతో ఆగుతారనుకున్నాం. ఆమె ఆగనివ్వలేదు.

దిగాక చీర సర్దుకుని, గుత్తి నడుముకి దోపుకుని, మామూలు మొహం పెట్టుకుంది.

"ఆదివారం ఎవరూ ఏమీ విప్పరు. మిగతా స్కూళ్లకి కూడా కబురు పెట్టండి" అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఆ పసుపు బండి ఇంకోసారి నా గోడౌన్లో కనిపించిందంటే ఊరుకోను."

మా బావమరిది గుడ్డ తీసుకుని స్టీరింగులు తుడవడం మొదలుపెట్టాడు. తర్వాతి రౌండు పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

ఇదంతా రాసి మొన్న షెడ్డుకి తీసుకెళ్లి అతనికి చదివి వినిపించాను. పిల్లలు రాని వేళ. ముసలమ్మ సీటులో కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక ట్యూబుకి అతుకు వేసుకుంటూ ఆఖరి దాకా విన్నాడు. వాళ్లావిడ కొత్తగా కుట్టిన మెత్త మీద చెయ్యి ఆనించి లేచాడు.

"ఒక్క ముక్క నిజం లేదు బావా ఇందులో" అన్నాడు. "నేను ఎవర్నీ గుద్దలేదు. ఏ బండీ ఎక్కలేదు. మేడమ్ నవ్వనే లేదు. అసలు మా షెడ్డులో ముసలమ్మ అనే బండే లేదు."